రేకు ఎగరలేదు.. స్క్రూ ఒగ్గేసింది!

2014 అక్టోబరు 12, ఆదివారం. అప్పుడు నేను బీటెక్ ఫస్టియర్. గాజువాకలో మా ఇల్లు. పొద్దున్నుంచీ కరెంటు లేదు, ఫోన్లో సిగ్నల్ లేదు. బయట హుద్‌హుద్. మధ్యాహ్నం దాటాక డాబా మీద నుంచి ఒక శబ్దం వచ్చింది. ఎవరో పెద్ద గుడ్డను ఒక చివర నుంచి ఇంకో చివరకు చింపుతున్నట్టు. ఆ తర్వాత ఢాం అని ఇంకొకటి. అమ్మ దేవుడి గది దగ్గర నుంచి కదల్లేదు. నాన్న ఒక్కమాటే అన్నారు.. "పోయింది షెడ్డు."

మర్నాడు పొద్దున పైకెక్కి చూస్తే పద్నాలుగు రేకుల్లో ఎనిమిది లేవు. ఇనప పైపులు మాత్రం వేసినవి వేసినట్టే నిలబడి ఉన్నాయి. ఒక రేకు వెనక సందులో పక్కింటివాళ్ల గేటును కోసుకుంటూ వెళ్లి గోడకు ఆనుకుని ఉంది. రోజూ సాయంత్రం పిల్లలు క్రికెట్ ఆడే సందు అది. ఆ రోజు తుపాను కాబట్టి ఎవరూ బయట లేరు. లేకపోతే ఏమయ్యేదో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరం పైకి అనం.

వారం తర్వాత వెల్డింగ్ బాబాయ్ ఒకాయన వచ్చి చూశారు. పైపు మీద మిగిలిపోయిన స్క్రూను రెండు వేళ్లతో పట్టుకుంటే తల పుటుక్కున ఊడి చేతిలోకి వచ్చింది. లోపలంతా తుప్పు. "రేకు ఎగరదు బాబూ. ముందు స్క్రూ ఒగ్గేత్తాది. ఆ తరవాతే రేకు ఎగురుద్ది" అన్నారు.

నేను మెకానికల్ చదివాను. మా బ్యాచ్‌లో సగం మందిలాగే ఇప్పుడు బెంగళూరులో కోడ్ రాస్తున్నాను. మెషిన్ డిజైన్ పేపర్లో మంచి మార్కులే వచ్చాయి గానీ, బాబాయ్ చెప్పిన ఆ మాట ఏ సిలబస్‌లోనూ చదివిన గుర్తు లేదు.

ఎస్టిమేట్‌లో చివరి లైన్

పోయిన నెల నాన్న ఫోన్ చేశారు. "ఒరే, మళ్లీ పైన షెడ్డు వేయిద్దామనుకుంటున్నాను. ఎస్టిమేట్ వాట్సాప్‌లో పెట్టాను చూడు."

చూశాను. రేకు ఏ కంపెనీది, ఎంత మందం, ఏ రంగు.. అన్నీ ఉన్నాయి. పైపు సైజు, దాని గేజు ఉన్నాయి. పెయింటు రెండు కోట్లని కూడా ఉంది. అట్టడుగున ఒక లైను.. 'స్క్రూలు, వాషర్లు, బోల్టులు - మొత్తంగా ఇంత'. ఎన్ని, ఏ రకం, ఏ పూత అన్న వివరం లేదు.

నాన్నను అడిగితే "స్క్రూలదేముందిరా, మేస్త్రీ చూసుకుంటాడు" అన్నారు. ఆయన స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. టన్నుల్లో ఉక్కు చూసిన మనిషికి గ్రాముల్లో ఉక్కు కంటికి ఆనలేదు. అదే ప్లాంటులో వైర్ రాడ్ తయారవుతుంది. మేకులకు, బోల్టులకు, స్క్రూలకు ముడిసరుకు అలాంటి వైర్ రాడ్డే. ఉక్కు పండే ఊళ్లో మనం రేకును కంపెనీ పేరు అడిగి కొంటాం, స్క్రూను మాత్రం తూకంలో కొంటాం.

ఆ శుక్రవారం రాత్రి బస్సెక్కాను.

గాలి నెట్టదు, పీకుతుంది

చాలామంది అనుకునేది ఏమిటంటే, పైకప్పు బరువును కిందివైపు మోస్తుంది కాబట్టి స్క్రూకు పెద్ద పని లేదు, రేకు జారకుండా ఉంటే చాలని. మామూలు రోజుల్లో నిజమే. తుపాను రోజు లెక్క తిరగబడుతుంది. గాలి కప్పు మీదుగా వేగంగా వెళ్లేటప్పుడు పైన పీడనం తగ్గి, రేకును పైకి పీలుస్తుంది. మన డాబాల మీద షెడ్లకు గోడలు ఉండవు కదా, కింద నుంచి కూడా గాలి దూరి పైకి తోస్తుంది. రెండూ ఒకే వైపు.

ఎంత బలంతో? భవనాల మీద గాలి భారం లెక్కలకు మన దేశంలో వాడే ప్రమాణం ఐఎస్ 875, మూడో భాగం. అందులో విశాఖపట్నానికి ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హుద్‌హుద్ తీరం దాటినప్పటి గాలీ దాదాపు అంతే. సూత్రం చాలా చిన్నది. వేగాన్ని వేగంతో హెచ్చించి 0.6తో గుణించాలి. 0.6 × 50 × 50 = 1500. చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, మన భాషలో సుమారు 150 కిలోలు.

ఒక రేకు 3 చదరపు మీటర్లు అనుకోండి. దాని సొంత బరువు 12-13 కిలోలు. దాన్ని పైకి లాగే బలం 450 కిలోలు. ఇది ఉజ్జాయింపు లెక్కే. అసలు డిజైన్‌లో ఎత్తు, చుట్టుపక్కల భవనాలు, కప్పు వాలు అన్నీ చూస్తారు. కప్పు అంచుల్లో, మూలల్లో పీల్చే బలం మధ్యలో కంటే చాలా ఎక్కువ ఉంటుంది.

ఆ రేకును 12 స్క్రూలు పట్టుకుంటే ఒక్కోదాని మీద 38 కిలోలు పడుతుంది. మేస్త్రీ తొందరలో ఆరే కొడితే 75. ఆ ఆరింటిలో రెండు తుప్పు పట్టి ఉంటే మిగతా నాలుగింటి మీద 110 పైనే. ఒకటి ఊడగానే దాని వాటా పక్కదాని నెత్తిన పడుతుంది, అదీ ఊడుతుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది తెలిసిన కథే. సేల్ రోజు ఒక సర్వర్ పడిపోతే ట్రాఫిక్ మిగతావాటి మీదకు మళ్లి, అవీ వరసగా కూలిపోయినట్టు. ఆ రోజు మేం విన్న గుడ్డ చింపిన శబ్దం అదే.

ఇంకో సంగతి. కొన్నిసార్లు స్క్రూ ఊడదు. స్క్రూ అక్కడే ఉంటుంది, దాని చుట్టూ రేకు చిరిగి పైకి వెళ్లిపోతుంది. 1974 డిసెంబరు 25న ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరాన్ని ట్రేసీ తుపాను కొట్టినప్పుడు అక్కడి ఇళ్లలో ఎక్కువ భాగం నాశనమయ్యాయి. తర్వాత ఇంజినీర్లు పరిశీలిస్తే, గాలి గంటల తరబడి రేకును పైకీ కిందకీ ఆడించడంతో స్క్రూ తలల చుట్టూ సన్నటి పగుళ్లు వచ్చి రేకులు ఊడిపోయాయని తేలింది. పేపర్ క్లిప్పును అటూ ఇటూ వంచితే విరిగిపోతుంది చూడండి, అదే. ఆ తర్వాత అక్కడ రేకులనూ స్క్రూలనూ కలిపి, వేల సార్లు లాగి వదిలి పరీక్షించడం మొదలుపెట్టారు. తుపాను ప్రాంతాల్లో స్క్రూ తల కింద వెడల్పాటి వాషర్లు వచ్చాయి.

మెరిసేదంతా మంచిది కాదు

ఇంటికి చేరాక నాన్న, నేను హార్డ్‌వేర్ షాపుకు వెళ్లాం. ఆయన రెండు ప్యాకెట్లు బల్ల మీద పెట్టారు. ఒకదాంట్లో స్క్రూలు వెండిలా తళతళలాడుతున్నాయి. రెండోదాంట్లోవి బూడిద రంగులో, మొరటుగా ఉన్నాయి. నాన్న చెయ్యి సహజంగానే మెరిసేవాటి వైపు వెళ్లింది.

"అవి లోపల పనికి బాబూ. డాబా మీద రేకులకైతే ఇవి ఒట్టుకెళ్లండి. రేటు ఎక్కువే మరి" అన్నారు షాపాయన.

ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. ఇనుము మీద జింకు పూత ఎందుకంటే, తుప్పు వచ్చినప్పుడు ముందు జింకు తాను కరిగిపోతూ లోపలి ఇనుమును కాపాడుతుంది. అంటే పూత ఎంత మందంగా ఉంటే అంత ఆయుష్షు. కరెంటు పద్ధతిలో వేసే మెరిసే పూత మామూలుగా 5 నుంచి 8 మైక్రాన్లు ఉంటుంది. కరిగిన జింకులో ముంచి తీసే 'హాట్ డిప్' పూత దాదాపు 50 మైక్రాన్లు. అదే బూడిద రంగుది.

ఇప్పుడు విశాఖ గాలిని చూడండి. సముద్రపు ఉప్పు ఉంది, తేమ ఉంది, పరిశ్రమల పొగ ఉంది. గాలి తుప్పు తీవ్రతను కొలిచే అంతర్జాతీయ ప్రమాణంలో, ఉప్పుగాలి బాగా తగిలే తీరప్రాంతాల తరగతిలో జింకు ఏడాదికి సుమారు 4 నుంచి 8 మైక్రాన్లు హరించుకుపోతుంది. లెక్క మీరే వేయండి. మెరిసే స్క్రూకు ఏడాది, మహా అయితే రెండేళ్లు. ఆ తర్వాత ఉప్పుగాలికి ఇనుమే తగులుతుంది. హైదరాబాద్‌లో పదేళ్లు ఉన్న స్క్రూ బీచ్‌రోడ్డులో ఎందుకు ఉండదో అర్థమైంది కదా. తీరం నుంచి లోపలికి వెళ్లే కొద్దీ ఉప్పు తగ్గుతుంది గానీ, గాజువాకలో ఉన్నంత మాత్రాన మనకు మినహాయింపేమీ లేదు.

మరి స్టెయిన్‌లెస్? మంచిదే, కానీ అందులోనూ కులాలున్నాయి. 202 అని చవకరకం ఒకటి మార్కెట్లో 'ఎస్ఎస్' పేరుతోనే తిరుగుతుంది, ఉప్పుగాలికి త్వరగా మచ్చలు పడుతుంది. 304 దానికంటే మేలు. 316లో అదనంగా 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, సముద్రం ఎదురుగా నిలబడేది అదే. బోల్టు తల మీద 'ఏ2' అని ఉంటే 304 కుటుంబం, 'ఏ4' అని ఉంటే 316 కుటుంబం. అయస్కాంతం పెట్టి పరీక్షించడం మీద ఆధారపడొద్దు. మంచి స్టెయిన్‌లెస్ బోల్టు కూడా తయారీలో సాగదీయడం వల్ల కొద్దిగా అంటుకోవచ్చు. బిల్లు మీద గ్రేడు రాయించుకోవడమే మార్గం.

ఒక చివరి హెచ్చరిక. నల్లగా ఉండే జిప్సం స్క్రూలు ఫాల్స్ సీలింగ్ లోపలికే. చవకని వాటిని బయట తలుపులకీ షెడ్లకీ కొట్టేస్తుంటారు. తుప్పు త్వరగా పడుతుంది, పైగా పెళుసు. పక్కకు బరువు పడితే వంగకుండా టక్కున విరుగుతాయి.

గోడ ఏం గోడ?

రేకు సంగతి అలా ఉంచితే, మనలో చాలామందికి రోజూ ఎదురయ్యేది గోడ. టీవీ, గీజర్, ఏసీ బయటి యూనిట్, సింటెక్స్ ట్యాంకు స్టాండు. ఇక్కడ ఫాస్టెనర్ ఎంత గట్టిదన్నది తర్వాతి ప్రశ్న. అది దేన్ని పట్టుకుంటోంది అన్నది మొదటి ప్రశ్న.

25 లీటర్ల గీజర్‌లో నీళ్లే 25 కిలోలు, ఒంటి బరువుతో కలిపి 35 దాకా వస్తుంది. కాంక్రీటు స్తంభమో బీమో అయితే యాంకర్ బోల్టు హాయిగా మోస్తుంది. అది బిగిస్తున్న కొద్దీ లోపల విచ్చుకుని కాంక్రీటును ఒత్తి పట్టుకుంటుంది. గట్టి ఇటుక గోడకైతే మంచి నైలాన్ ప్లగ్గు, తగినంత పొడుగు స్క్రూ. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో వస్తున్న తెల్లటి తేలికపాటి ఏఏసీ బ్లాకులు వేరే సంగతి. లోపలంతా గాలి బుడగలే. అందులో విచ్చుకునే యాంకర్ కొడితే బ్లాకు పొడి అవుతుంది తప్ప పట్టు దొరకదు. వాటికి ప్రత్యేకమైన పొడవాటి ప్లగ్గులు ఉన్నాయి. బరువు ఎక్కువైతే గోడ అవతలికి బోల్టు తీసి ప్లేటు వేయడం ఉత్తమం.

ప్లాస్టరింగును లోతులో లెక్కేయకండి. రెండు సెంటీమీటర్ల ప్లాస్టరింగు దాటాకే అసలు గోడ మొదలవుతుంది. స్లాబు అంచుకు, స్తంభం మూలకు మరీ దగ్గరగా యాంకర్ కొడితే కాంక్రీటు ముక్కే ఊడివస్తుంది.

ఇక కెమికల్ యాంకర్. రంధ్రంలో జిగురు లాంటి మందు పోసి రాడ్డు పెడతారు. సరిగ్గా చేస్తే చాలా గట్టిది. సరిగ్గా అంటే.. రంధ్రం వేశాక బ్రష్‌తో రుద్ది, గాలి ఊది దుమ్మంతా తీయాలి. మన దగ్గర ఎగ్గొట్టేది ఆ రెండు నిమిషాల పనే. దుమ్ము ఉంటే మందు గోడను కాదు, దుమ్మును పట్టుకుంటుంది.

మందు రకం కూడా ముఖ్యమే. అమెరికాలోని బోస్టన్‌లో 2006 జులై 10న ఒక సొరంగం పైకప్పు పలకలు కారు మీద పడి ఒక మహిళ చనిపోయారు. పలకలను వేలాడదీసిన యాంకర్లకు వాడిన త్వరగా గట్టిపడే రకం ఎపాక్సీ, ఎప్పుడూ వేలాడే బరువు కింద మెల్లగా సాగుతూ వదిలేసిందని దర్యాప్తులో తేలింది. బిగించిన రోజు అది గట్టిగానే ఉంది. అందుకే తల మీద వేలాడేదానికి 'ఇప్పుడు లాగి చూశాం, బాగానే ఉంది' అన్నది సరిపోదు.

విశాఖలో నన్ను ఎక్కువ భయపెట్టేది ఏసీ బయటి యూనిట్లు. అయిదో అంతస్తులో, సముద్రం వైపు గోడకు, 30-40 కిలోల పెట్టె. దాన్ని మోసేది రెండు బ్రాకెట్లు, నాలుగు బోల్టులు. కింద జనం నడుస్తుంటారు. ఏసీ సర్వీసింగుకు వచ్చినప్పుడు గ్యాస్ చూస్తారు, ఫిల్టర్ కడుగుతారు. బోల్టు వైపు ఒకసారి టార్చి వేయమని మనమే అడగాలి.

బోల్టు తల మీద అంకెలు

బోల్టు తల మీద 8.8, 4.6 లాంటి అంకెలు చూసే ఉంటారు. అవి వెర్షన్ నంబర్లు కావు. మొదటి అంకెను వందతో హెచ్చిస్తే, చదరపు మిల్లీమీటరుకు ఎన్ని న్యూటన్ల దగ్గర తెగుతుందో తెలుస్తుంది. చుక్క తర్వాతి అంకె, అందులో ఎన్నో వంతు దగ్గర శాశ్వతంగా సాగిపోవడం మొదలవుతుందో చెబుతుంది. 8.8 అంటే 800 దగ్గర తెగుతుంది, అందులో 80 శాతం, అంటే 640 దగ్గర సాగుతుంది. 12 మిల్లీమీటర్ల 8.8 బోల్టును నేరుగా లాగితే తెగడానికి ఆరున్నర టన్నుల పైన కావాలి. అదే సైజు 4.6 బోల్టుకు అందులో సగం చాలు. సురక్షితంగా మోపదగ్గ బరువు దీనికంటే చాలా తక్కువని మర్చిపోకండి. తల మీద ఏ గుర్తూ లేని బోల్టుకు మాత్రం అది ఎంత మోస్తుందో చెప్పే దిక్కే లేదు.

మా షెడ్డుకు ఏం చేశాం

ఇదంతా చదివి 'నాకెందుకులే' అనుకునేవాళ్లకు, నేను నాన్నతో కూర్చుని రాసిన చిట్టా ఇది. స్క్రీన్‌షాట్ తీసి మీ ఇంటి మేస్త్రీకి పంపండి.

• ఎస్టిమేట్‌లో 'మొత్తంగా' అన్న లైను కొట్టించండి. స్క్రూ రకం, పొడవు, పూత, లెక్క విడిగా రాయించండి.

• రేకు కంపెనీ ఇచ్చే కాగితంలో స్క్రూల మధ్య దూరం ఉంటుంది. అది అడగండి. అంచుల్లో, మూలల్లో స్క్రూలు దగ్గర దగ్గరగా పడాలి.

• స్క్రూ పైపును దాటి అవతల కనీసం మూడు మరలు కనబడాలి.

• వాషర్ కింద నల్ల రబ్బరు ఈపీడీఎం రకం ఉండాలి. బిగించాక అది అంచున కొద్దిగా ఉబ్బితే చాలు. పూర్తిగా చితికి బయటకు వచ్చిందంటే మేస్త్రీ మెషిన్‌తో మరీ నొక్కేశాడని అర్థం. నీళ్లు అక్కడ నుంచే దిగుతాయి, తుప్పు అక్కడ నుంచే మొదలవుతుంది.

• అల్యూమినియం కిటికీకి మామూలు ఇనప స్క్రూ వద్దు. రెండు లోహాలు ఉప్పు తేమలో కలిస్తే ఒకటి ఇంకోదాన్ని తినేస్తుంది.

• ఏటా అక్టోబరుకు ముందు ఒక ఆదివారం డాబా ఎక్కండి. తుప్పు మరక కనబడ్డ స్క్రూను అప్పుడే మార్చేయండి.

మా షెడ్డుకు మొత్తం మూడు వందల పైచిలుకు స్క్రూలు పట్టాయి. మెరిసేవాటికీ, మందపాటి పూతవాటికీ తేడా అంతా కలిపి రెండు వేల రూపాయల లోపే. నాన్న ఎంచుకున్న రేకు రంగు మార్చుకోవడానికే అంతకంటే ఎక్కువ అయింది.

పని రోజు నాన్న కుర్చీ వేసుకుని డాబా మీదే కూర్చున్నారు. మూల రేకు దగ్గర మేస్త్రీ ఒక స్క్రూ వదిలేసి ముందుకు వెళ్లబోతే, "అక్కడ ఒకటి తక్కువైంది బాబూ" అన్నారు. ఆయన విసుక్కుంటూనే వెనక్కి వచ్చి కొట్టాడు. కింద సందులోంచి పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి. నాన్న పిట్టగోడ మీంచి ఒకసారి వంగి చూసి, మళ్లీ వచ్చి లెక్క పెట్టడం మొదలుపెట్టారు.